పొద్దుటి పూట పరుగులెందుకు?

"అమ్మా! సాక్స్ ఒకటే ఉంది, రెండోది ఏదీ?"

"డైరీలో సంతకం పెట్టాలని రాత్రే చెప్పొచ్చుగా!"

"ముందు ఆ ఇడ్లీ మింగు. ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నాడు!"

ఉదయం ఏడున్నర, ఎనిమిది గంటల మధ్య ఏ వీధిలో నిలబడ్డా ఈ మాటలే వినిపిస్తాయి. మా చల్లపల్లి అందుకు మినహాయింపేం కాదు. అవనిగడ్డ, బందరు, విజయవాడ వైపు వెళ్లే బస్సులన్నీ కలిసే ఊరు కాబట్టి ఆ వేళకి రోడ్డు మీద స్కూలు ఆటోలు, వ్యాన్లు, సైకిళ్లు... ఒకటే హడావిడి! ఇంట్లో హడావిడి అంతకు రెట్టింపు. పిల్లలు వెళ్లిపోయాక చూస్తే తడి తువ్వాలు మంచం మీద, సగం తిన్న అట్టు కంచంలో, దువ్వెన వంటింట్లో! ఆ ఇంటి ఇల్లాలు మాత్రం తొమ్మిది గంటలకే ఒక రోజంతా పనిచేసినంత అలిసిపోయి కూర్చుంటుంది.

"ఇంతకంటే ఏం చేస్తాం? పిల్లలున్న ఇల్లన్నాక ఇలాగే ఉంటుంది" అని సరిపెట్టుకుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. తిట్లు తిని, ఏడుస్తూ, అరకొరగా తిని బడికి వెళ్లిన పిల్లవాడికి మొదటి పీరియడ్‌లో పాఠం ఏం ఎక్కుతుంది? ఖాళీ కడుపుతో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయే పిల్లల్ని ప్రతి బడిలోనూ చూస్తూనే ఉంటారు. మనకీ అంతే. పిల్లవాణ్ణి పంపించిన కాసేపటికి "అయ్యో, అనవసరంగా వీపు మీద ఒకటి వేశానే" అని మనసు పీకుతూ ఉంటుంది. వాడు సాయంత్రం వచ్చేదాకా ఆ బాధ పోదు.

ఈ పరుగుని పూర్తిగా ఆపలేకపోయినా చాలావరకు తగ్గించొచ్చు. దానికి డబ్బు ఖర్చు లేదు. కాస్త ముందుచూపు, ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వెయ్యటం... అంతే!

మా ఊరు నేర్పిన పాఠం

చల్లపల్లి పేరు చెప్పగానే ఒకప్పుడు రాజావారి కోట గుర్తొచ్చేది. ఇప్పుడు చాలామందికి 'స్వచ్ఛ చల్లపల్లి' గుర్తొస్తుంది. 2014 నవంబరులో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టర్ పద్మావతి గారు మరికొందరితో కలిసి ఊరి రోడ్లు శుభ్రం చెయ్యటం మొదలుపెట్టారు. ఇంకా చీకటి ఉండగానే కార్యకర్తలు చీపుళ్లు, గంపలు పట్టుకుని ఆ రోజు అనుకున్న చోటికి చేరతారు. రిటైరైన ఉద్యోగులు, గృహిణులు, రైతులు, చదువుకునే పిల్లలు... అందరూ ఉంటారు. 2024 నవంబరుకి ఆ పనికి పదేళ్లు నిండాయి.

పిల్లల్ని బడికి పంపే విషయంలో ఈ కబురెందుకంటారా? అన్నేళ్లు ఒక పని ఆగకుండా ఎలా సాగిందో గమనిస్తే మన ఇంటికి పనికొచ్చే సంగతులు అందులో ఉన్నాయి. మొదటిది, వేళ మారదు. అందరికీ తెలిసిన వేళ కాబట్టి ఒకరినొకరు లేపుకుంటూ కూర్చోనక్కర్లేదు. రెండోది, రేపు ఎక్కడ పని అన్నది ముందే అనుకుని ఉంటారు. తెల్లవారాక "ఎక్కడికెళ్దాం?" అని చర్చ ఉండదు. మూడోది, పనిముట్లు ఎక్కడుంటాయో అందరికీ తెలుసు. నాలుగోది, పని ఒక్కరి నెత్తిన పడదు. ఒకరు ఊడిస్తే ఒకరు ఎత్తుతారు, ఇంకొకరు మొక్కలకి పాదులు చేస్తారు.

మన ఇళ్లల్లో ఈ నాలుగూ సరిగ్గా తిరగబడి ఉంటాయి! లేచే వేళ రోజుకొకటి. టిఫినేమిటన్నది పొద్దున్నే ఆలోచన. వస్తువులు ఎక్కడున్నాయో అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. పని మొత్తం ఒక్క అమ్మదే. ఒక్కొక్కటే సరిచేసుకుందాం.

తెల్లారే పని రాత్రే మొదలు

పొద్దున పది నిమిషాల పని రాత్రి మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఎందుకంటే రాత్రి ఎవరూ హారన్ కొట్టరు! భోజనాలయ్యాక, పడుకునే ముందు ఒక పావుగంట 'రేపటి పని' అని పెట్టుకోండి. పిల్లలతోనే చేయించండి.

యూనిఫామ్ ఇస్త్రీ చేసినది, లోపలి బట్టలు, సాక్స్, బెల్టు, టై, గుర్తింపు కార్డు... అన్నీ ఒకే హ్యాంగర్‌కి గానీ ఒకే కుర్చీ మీద గానీ ఉండాలి. సాక్స్ ఉతికి ఆరాక తీసేటప్పుడే జతగా చుట్టి పెడితే 'రెండోది ఏదీ' అన్న మాటే రాదు. ఒకే రంగు సాక్స్ మూడు జతలు కొంటే ఒకటి పోయినా మిగతావాటితో కలిసిపోతుంది. బూట్లకి ఆదివారం సాయంత్రం ఒకసారి పాలిష్ పెడితే వారంలో రోజూ గుడ్డతో తుడిస్తే చాలు.

టైమ్‌టేబుల్ కాగితాన్ని బీరువా తలుపుకి లోపలవైపు అంటించండి. పిల్లలు దాన్ని చూసి బ్యాగు సర్దుకుని, సంతకం కావలసిన పుస్తకాన్ని తెచ్చి మీ చేతికివ్వాలి. "రాత్రి పడుకునేలోపు ఇస్తేనే సంతకం, పొద్దున ఇస్తే లేదు" అని ఒక నియమం పెట్టండి. రెండు రోజులు కష్టమనిపించినా మూడో రోజుకి దార్లోకొస్తారు.

"అమ్మా, రేపు చార్టు కావాలి" అన్న మాట రాత్రి ఎనిమిదిన్నరకి వింటే ఎవరికైనా గుండె ఆగుతుంది! ఆ వేళకి ఏ షాపు తీసి ఉంటుంది? ఒక పాత అట్టపెట్టెలో రెండు చార్టులు, గోధుమరంగు అట్టలు, లేబుళ్లు, జిగురు సీసా, రెండు పెన్నులు, ఒక జామెట్రీ స్కేలు ఎప్పుడూ ఉంచండి. ఏటా జూన్‌లో పుస్తకాలు కొన్నప్పుడే ఇవీ కొని పడేస్తే సరి.

ఆడపిల్లల జడల సంగతి మనకు తెలిసిందే. రెండు జడలు, మడిచి రిబ్బన్లు... చిక్కులున్న జుట్టైతే ఇరవై నిమిషాలు, పైగా ఏడుపు. రాత్రే చిక్కు తీసి వదులుగా ఒక జడ అల్లి పడుకోబెడితే పొద్దున పని సగానికి తగ్గుతుంది. రిబ్బన్లు చుట్టి దువ్వెన పక్కనే పెట్టండి.

ఇక వంటింటి పని. కూర ఏదన్నది రాత్రే తేల్చుకోవాలి. బెండకాయలు రాత్రే కడిగి, తుడిచి, ఆరబెట్టండి. పొద్దున కోసినా జిగురు రాదు. దొండకాయలు, బీన్స్, క్యారెట్ రాత్రే తరిగి మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. వంకాయ, అరటికాయ మాత్రం పొద్దున్నే కొయ్యాలి, లేకపోతే నల్లబడతాయి. పోపు దినుసులు, కరివేపాకు, పచ్చిమిర్చి చేతికందేలా ఉంచుకోండి. క్యారేజీ గిన్నెలు, మూతలు, స్పూను అన్నీ ఒక పళ్లెంలో బోర్లించి పెట్టుకుంటే మూత కోసం వెతుకులాట తప్పుతుంది.

ఎన్నింటికి పడుకుంటున్నారు?

పొద్దున లేవట్లేదని కొడతాం గానీ రాత్రి ఎన్నింటికి పడుకున్నాడో చూడం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ల చిన్నపిల్లలకైతే పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు.

లెక్క వేసుకోండి. మూడో తరగతి పిల్ల ఆరింటికి లేవాలంటే తొమ్మిదింటికల్లా కన్ను మూతపడాలి. అంటే ఎనిమిదిన్నరకి పక్క మీదికి చేరాలి. అంటే ఏడున్నర, ఎనిమిదిలోపు భోజనం అయిపోవాలి. మన ఇళ్లల్లో సీరియల్ అయ్యేసరికే తొమ్మిదిన్నర. ఆ తర్వాత సెల్‌ఫోన్‌లో బొమ్మలు! పదిన్నరకి పడుకున్న పిల్లని ఆరింటికి లేపితే ఏడవక ఏం చేస్తుంది?

ఇన్నాళ్ల అలవాటుని ఒక్క రోజులో మార్చలేం. రెండు, మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకి జరపండి. రెండు వారాల్లో గంట తేడా కనిపిస్తుంది. పడుకునే ముందు గంట సేపు టీవీ, ఫోను బంద్. ఆ నియమం పెద్దవాళ్లకీ వర్తిస్తుందండోయ్! మనం ఫోను చూస్తూ "నువ్వు పడుకో" అంటే ఎవరు వింటారు? మామ్మో, తాతయ్యో ఉన్న ఇంట్లో కథలకి ఇదే మంచి సమయం. ఆదివారం పదింటిదాకా పడుకోనిస్తే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. సెలవురోజైనా ఒక గంటకి మించి ఆలస్యం కానివ్వకండి.

ఈ సంగతిని జపాన్ వాళ్లు జాతీయ ఉద్యమంగా పెట్టుకున్నారు. 'త్వరగా పడుకో, త్వరగా లే, పొద్దున తిను' అన్న అర్థం వచ్చే పేరుతో 2006లో దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు. మన మామ్మలు చెప్పిందీ అదేగా!

ఎలా లేపాలి?

దుప్పటి లాగెయ్యటం, మొహాన నీళ్లు చల్లటం, "అప్పుడే ఎనిమిదైంది" అని అబద్ధం చెప్పటం... వద్దు. అబద్ధం రెండు రోజులే పనిచేస్తుంది. ముందు కిటికీ తలుపులు తీసి వెలుతురు రానివ్వండి. ఫ్యాను ఆపండి. పక్కన కూర్చుని వీపు నిమిరి పేరు పెట్టి పిలవండి. లేచాక ఐదు నిమిషాలు మీ ఒళ్లో కూర్చోనివ్వండి. అంత హడావిడిలో ఐదు నిమిషాలా అనకండి. ఆ ఐదు నిమిషాలిస్తే తర్వాత పావుగంట మారాం ఉండదు.

గడియారం చూడటం రాని పిల్లలకి వేళ ఎలా తెలియాలి? వెనకటి రోజుల్లో మన ఇళ్లల్లో రేడియోయే గడియారం. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. తరవాత ఎన్నో ఏళ్లు జిల్లా మొత్తం ఆ వేళల ప్రకారమే లేచింది. భక్తిరంజని వస్తుంటే పళ్లు తోముకోవటం, ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి స్నానాలయిపోవటం, ఢిల్లీ నుంచి వార్తలు వచ్చేసరికి కంచం ముందు కూర్చోవటం... ఎవరూ ఎవరినీ అరవనక్కర్లేకుండా పని జరిగిపోయేది. ఇప్పుడూ ఆ పద్ధతి పనికొస్తుంది. రోజూ ఒకే వరసలో నాలుగు పాటలు పెట్టండి. మొదటి పాటకి పళ్లు, రెండో పాటకి స్నానం, మూడోదానికి బట్టలు, నాలుగోది అయ్యేసరికి టిఫిను దగ్గర! "త్వరగా, త్వరగా" అని పాతికసార్లు అనే పని పాటే చేస్తుంది.

ఎవరి పని వాళ్లదే

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదల పేటలో పిల్లల బడి పెట్టినప్పుడు కుర్చీలు, బల్లలు, అల్మారాలు అన్నీ పిల్లల ఎత్తుకి సరిపడేలా చేయించారు. అందితే వాళ్ల పని వాళ్లే చేసుకుంటారన్నది ఆవిడ నమ్మకం. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకి శిక్షణనిచ్చారు. మన విజయవాడలో వి.కోటేశ్వరమ్మ గారు 1955లో మాంటిస్సోరి పేరుతో చిన్నపిల్లల బడి పెట్టారు. అది ఆడపిల్లల కాలేజీ దాకా ఎదిగింది. 2017లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది.

ఆ సూత్రం మన ఇంటికి తేవటానికి నాలుగు మేకులు చాలు! పిల్లవాడి భుజం ఎత్తులో గోడకి కొక్కేలు కొట్టించండి. ఒకటి బ్యాగుకి, ఒకటి యూనిఫామ్‌కి, ఒకటి తువ్వాలుకి, ఒకటి నీళ్ల సీసాకి. చెప్పుల స్టాండులో కింది అర వాళ్లది. అద్దం కూడా కాస్త కిందికి దించండి.

ఏ వయసుకి ఏ పని?

నాలుగైదేళ్లకి: పళ్లు తోముకోవటం (మీరు పక్కనుండాలి), చెప్పులు తొడుక్కోవటం, తువ్వాలు కొక్కేనికి తగిలించటం.

ఆరు నుంచి ఎనిమిదేళ్లకి: స్నానం, బట్టలు తొడుక్కోవటం, బొత్తాలు పెట్టుకోవటం, తిన్న కంచం సింకులో వెయ్యటం.

తొమ్మిది నుంచి పన్నెండేళ్లకి: బ్యాగు సర్దటం, పక్క మడత పెట్టటం, నీళ్ల సీసాలు నింపటం, క్యారేజీకి మూతలు పెట్టటం, లేసులు తనే కట్టుకోవటం.

పదమూడు దాటాక: తన యూనిఫామ్ ఇస్త్రీ, అలారం పెట్టుకుని తనే లేవటం, వారానికి ఒకటి, రెండు రోజులు టిఫిన్‌లో సాయం.

ఇవి అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే. చాలా ఇళ్లల్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి తన పని చూసుకుంటూ తమ్ముడికి స్నానం చేయించి, బూట్లు తొడిగి, తను మాత్రం తినకుండా పరిగెత్తుతుంది. మన డెల్టాలో నాట్లప్పుడు, కోతలప్పుడు, మినుము తీతలప్పుడు కూలికి వెళ్లే తల్లులు తెల్లారేసరికే ఇల్లు వదలాలి. అప్పుడు బరువంతా పెద్దపిల్ల మీదే పడుతుంది. ఆ రోజుల్లో బడి మానేదీ ఆ పిల్లే. తల్లికి తప్పదు గానీ ఆ నెల రోజులైనా తండ్రి అరగంట ఆగి పిల్లల్ని పంపిస్తే ఆ అమ్మాయి చదువు నిలబడుతుంది. తమ్ముడికి తన బూట్లు తను తొడుక్కోవటం నేర్పినా అక్కకి మేలే.

మావారికి ఇవన్నీ చాతకావు అనకండి. నీళ్లు కాచటం, సీసాలు నింపటం, బూట్లు వెయ్యటం, స్టాపు దాకా దించి రావటం... ఇందులో చాతకానిదేముంది? ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఒక పని అప్పగించాక వెనకాల నిలబడి వంకలు పెట్టకండి. జడ కాస్త వంకరగా వేసినా కొంప మునగదు.

వేళల పట్టిక

ఎనిమిదింటికి ఆటో వచ్చే ఇంటికి నమూనా ఇది. మీ వేళని బట్టి మార్చుకోండి.

5.30 - మీరు లేవటం. మొహం కడుక్కుని, కాఫీ నింపాదిగా కూర్చుని తాగటం.
5.45 - ఒక పొయ్యి మీద కుక్కరు, రెండోదాని మీద కూర.
6.15 - పిల్లల్ని లేపటం. పళ్లు, కాలకృత్యాలు.
6.45 - స్నానాలు. ఇద్దరుంటే పెద్దవాళ్లు ముందు.
7.05 - బట్టలు, జడలు.
7.20 - అందరూ కూర్చుని టిఫిను.
7.40 - క్యారేజీ, నీళ్లు బ్యాగులో. బూట్లు.
7.50 - గుమ్మం దగ్గర సిద్ధం.

చివరి పది నిమిషాలు మిగులు. పాలవాడు ఆలస్యం చేసినా, కరెంటు పోయినా, చొక్కా మీద చట్నీ పడినా ఆ పది నిమిషాలే కాపాడతాయి. పరిగెత్తుకుంటూ రోడ్డు దాటటం, కదిలే ఆటోలో ఎక్కటం లాంటి ప్రమాదాలు కూడా తప్పుతాయి.

ఒంటిపూట బడులు వచ్చేసరికి ఈ పట్టిక పనికిరాదు. ఏటా మార్చి మధ్యలో బడులు ఏడూ ముప్పావుకే మొదలవుతాయి. మొదటి రోజు పొద్దున కంగారు పడేకంటే ఒక వారం ముందు నుంచే నిద్ర వేళని జరుపుకుంటూ రండి. కార్తీక, మార్గశిర మాసాల్లో పొగమంచుకి బస్సులు, ఆటోలు నెమ్మదిగా నడుస్తాయి. వానాకాలంలో యూనిఫామ్ ఆరదు. రెండు జతలతో నెట్టుకొచ్చేవాళ్లు సాయంత్రం రాగానే ఉతికి ఫ్యాను కింద ఆరేస్తే పొద్దుటికి ఇస్త్రీతో తడి పోతుంది.

పొద్దుటి తిండి

"మావాడు పొద్దున ఏమీ తినడు" అని చాలామంది అంటారు. రాత్రి తొమ్మిదిన్నరకి తిన్న పిల్లవాడికి పొద్దున ఏడింటికి ఆకలెక్కడిది? లేవగానే పెద్ద గ్లాసుడు పాలు తాగిస్తే అర్ధగంటలో ఇడ్లీ ఎలా తింటాడు? పాలని సాయంత్రానికి మార్చి చూడండి. లేచిన గంటకి ఆకలి అదే వేస్తుంది.

రోజూ "ఏం చెయ్యను?" అనుకోకుండా వారానికి ఒక పట్టీ రాసి వంటింట్లో తగిలించండి. ఉదాహరణకి:

సోమ - ఇడ్లీ, కొబ్బరి చట్నీ.
మంగళ - అదే పిండితో దిబ్బరొట్టె. మందపాటి మూకుట్లో నూనె వేసి, పిండి పోసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలేస్తే ఇరవై నిమిషాలు అటు చూడక్కర్లేదు. ఆలోపు జడలు అయిపోతాయి!
బుధ - పెసరట్టు. పెసలు రాత్రి నానబోస్తే చాలు, పులియనక్కర్లేదు.
గురు - రాగిజావ, అరటిపండు, ఉడికించిన గుడ్డు.
శుక్ర - కూరగాయల ఉప్మా.
శని - తోడుపెట్టిన అన్నం. రాత్రి అన్నం గోరువెచ్చగా ఉండగా పాలు పోసి మెత్తగా కలిపి, చెంచా పెరుగు వేసి మూత పెడితే పొద్దుటికి కమ్మగా తోడుకుంటుంది. ఉల్లిపాయ, ఆవకాయ ముక్కతో పిల్లలు ఇష్టంగా తింటారు. ఎండాకాలం ఒంటికి చలవ కూడా.

సర్కారు బడుల్లో చదివే పిల్లలకి మధ్యాహ్న భోజనం అక్కడే. 2024 నుంచి ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో ఆకలితో వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ. భోజనంతో పాటు గుడ్డు, చిక్కీ, కొన్ని రోజులు రాగిజావ ఇస్తున్నారు. అక్కడ తింటాడులే అని ఇంటి దగ్గర ఖాళీ కడుపుతో పంపకండి. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా ఆగటం చిన్నపిల్లలకి కష్టం.

మినప సున్నుండలు

వరి కోతకి ముందు మాగాణిలో చల్లే మినుము మన కృష్ణా డెల్టాకి కొత్తకాదు. కొత్త మినుములొచ్చాక ఒకసారి చేసి పెట్టుకుంటే, టిఫిను కుదరని రోజున ఒక ఉండ, ఒక అరటిపండు తినిపించి పంపొచ్చు.

కావలసినవి: మినపగుళ్లు 2 కప్పులు (పొట్టు మినుములైతే ఇంకా రుచి), బియ్యం 2 చెంచాలు, బెల్లం తురుము కప్పున్నర, నెయ్యి ముప్పావు కప్పు.

మినుములు, బియ్యం కలిపి సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చి రంగు తిరిగేదాకా వేయించండి. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లారాక పొడి కొట్టండి. బెల్లం వేసి ఇంకొకసారి తిప్పితే బాగా కలుస్తుంది. వెచ్చటి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టండి. తడి తగలని డబ్బాలో రెండు, మూడు వారాలు నిలవుంటాయి.

రాగిజావ

ఇద్దరు పిల్లలకి మూడు పెద్ద చెంచాల రాగిపిండిని అర గ్లాసు నీళ్లలో రాత్రే ఉండల్లేకుండా కలిపి మూత పెట్టండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండి పోసి, ఐదారు నిమిషాలు కలియబెట్టండి. ఉప్పగా కావాలంటే చల్లారాక మజ్జిగ, ఉప్పు. తియ్యగా కావాలంటే బెల్లం, పాలు.

బ్యాగు బరువు చూశారా?

బడి బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదని కేంద్రం 2020లో విధానం తయారుచేసింది. ఒకటి, రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి ఐదు తరగతులకి 1.7 నుంచి 2.5 కిలోలు, ఆరు, ఏడు తరగతులకి 2 నుంచి 3 కిలోలు. పచారీ కొట్లో కాటా మీద ఒకసారి మీ పిల్లల బ్యాగు తూచి చూడండి, మీకే తెలుస్తుంది. లీటరు నీళ్ల సీసాయే కిలో బరువు! బడిలో మంచినీళ్లు బాగుంటే అర లీటరు సీసా చాలు. నెలకొకసారి బ్యాగు బోర్లించి దులిపితే పాత పుస్తకాలు, రాళ్లు, గోళీలు... ఎన్నో బయటపడతాయి.

"కడుపు నొప్పి" అంటే...

అన్నీ సిద్ధంగా ఉన్నా కొందరు పిల్లలు పొద్దున్నే కడుపు నొప్పి అంటారు. బట్టలు తొడుగుతుంటే ఏడుస్తారు. ఒక రోజైతే మారాం అనుకోవచ్చు. వరసగా జరుగుతుంటే, సెలవురోజున మాయమై బడి రోజున మళ్లీ వస్తుంటే 'వేషాలు' అని కొట్టిపారెయ్యకండి. ముందు డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఏమీ లేదంటే బడిలోనో, దారిలోనో ఏదో ఉన్నట్లే. లెక్కలు అర్థంకాకపోవచ్చు. పక్కవాడు కొడుతుండొచ్చు. ఆటోలో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తుండొచ్చు. కొందరు ఆడపిల్లలకి అక్కడి మరుగుదొడ్డంటే భయం.

ఆ సంగతులు పొద్దున తొందరలో అడిగితే చెప్పరు. సాయంత్రం అన్నం కలిపి పెడుతూనో, తల దువ్వుతూనో నెమ్మదిగా అడగండి. "నేను తిట్టను, చెప్పమ్మా" అన్న మాట నిలబెట్టుకోండి. తర్వాత టీచరుగారిని కలిసి మాట్లాడండి. పిల్లలకి ఎలాంటి హాని జరుగుతోందని తెలిసినా 1098 నంబరుకి ఫోను చెయ్యొచ్చు. ఆ సాయానికి డబ్బులు తీసుకోరు.

మరి మీ టిఫిను?

పిల్లలు మిగిల్చిన అట్టు ముక్క, చల్లారిన కాఫీ... ఇదేనా మీ ఫలహారం? అందరితో పాటు మీ కంచం కూడా పెట్టుకుని కూర్చోండి. కుక్కరు చల్లారుతుంది, కూర దింపేశారు, ఇంకా పది నిమిషాలుంది. అమ్మ కూర్చుని తింటుంటే పిల్లలూ నింపాదిగా తింటారు.

ఇవన్నీ రేపటి నుంచే మొదలుపెట్టకండి, రెండో రోజుకి విసుగొస్తుంది. ఈ ఆదివారం పిల్లల్ని, మీవారిని కూర్చోబెట్టి మాట్లాడి ఒక్కటే ఎంచుకోండి. కొక్కేలు కొట్టటమో, రాత్రి పావుగంట సర్దుకోవటమో, నిద్ర వేళ జరపటమో ఏదో ఒకటి. అది రెండు వారాలు నిలబడ్డాక రెండోది. మధ్యలో చుట్టాలొస్తారు, జ్వరాలొస్తాయి, పెళ్లిళ్లుంటాయి, పద్ధతి తప్పుతుంది. ఫరవాలేదు, మర్నాడు మళ్లీ అందుకోండి. పట్టీలో ఏం చేశారో, ఏం చెయ్యలేదో లెక్క కంటే, పిల్లలు గుమ్మం దిగేటప్పుడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నారా లేదా అన్నది చూసుకోండి చాలు.